చప్పుడు లేని పోట్లాట

నేను గప్పాలు కొట్టే మనిషినని సోలాపూర్‌లో మా వాడకట్టు అంతటికీ తెలుసు. కుంఠా నాకా దగ్గర రోడ్డు మీద ఆరేసిన మా చద్దరు మీదుగా ఒకసారి సిటీ బస్సు వెళ్లిందనీ, ఆ మెత్తదనానికి బస్సే కునుకు తీసిందనీ, డ్రైవరూ కండక్టరూ నీళ్లు చల్లి దాన్ని లేపాల్సి వచ్చిందనీ చెప్పింది నేనే. కంపెనీలో మా బీడీలు చూసి తీసుకునే చెకర్ మీసాల్లో చిట్టెలుక కాపురం పెట్టిందని చెప్పింది కూడా నేనే. ఆ మాట ఆయన చెవిన పడింది. మర్నాడు మీసాలు తీసేసి వచ్చాడు. అంటే ఆయనకూ ఎక్కడో అనుమానం ఉన్నట్టే కదా.

పెళ్లయిన ఏడాదికే పుట్టింటికి ఎందుకు తిరిగొచ్చావని అడిగినవాళ్లకు మూడు కథలు చెప్పాను. ఒకదాంట్లో పాము ఉంది, ఒకదాంట్లో పోలీసులున్నారు, మూడోదాంట్లో పామును పట్టుకోవడానికి పోలీసులు వచ్చారు. అసలు సంగతి ఎవరికీ చెప్పలేదు. మీకూ చెప్పను.

ఇప్పుడు రాయబోయే దాంట్లో మాత్రం ఒకే ఒక్క అబద్ధం ఉంది. అది ఎక్కడ ఆడానో, ఎందుకాడానో కూడా రాస్తాను. మిగతాదంతా జరిగింది జరిగినట్టే. నమ్మకపోతే మీ ఇష్టం, నాకు అలవాటే.

ఎనభైలు ముగిసిపోతున్న రోజులు. నాకింకా ముప్పై నిండలేదు. ఇంట్లో నలుగురం: అమ్మ, నేను, తమ్ముడు, తమ్ముడి భార్య. తమ్ముడు కుంఠా నాకా దగ్గర పవర్‌లూమ్ కార్ఖానాలో చద్దర్లు నేసేవాడు. మేం ముగ్గురు ఆడవాళ్లం బీడీలు చుట్టేవాళ్లం. పొద్దున వంట కాగానే ఒడిలో చాట పెట్టుకుని గోడకు జారగిలబడితే మళ్లీ దీపాల వేళకే లేవడం. తడిపిన తునికాకు మీద రేకు ఫర్మా పెట్టి, దాని అంచు వెంట కత్తెరతో కోసి, తంబాకు పోసి, చుట్టి, మూతి ముడిచి, దారం కట్టడం. ఇది మాకు ఊపిరి పీల్చడం లాంటిది. చూడకుండా చేస్తాం, మాట్లాడుతూ చేస్తాం, ఒకరినొకరు తిట్టుకుంటూ ఇంకా బాగా చేస్తాం.

మా మరదలికి అది మొదటి కానుపు, ఎనిమిదో నెల. తెలంగాణలోని తల్లిగారింటికి పంపడానికి ఇంకా రోజులున్నాయని అమ్మ అనేది. ఆ పిల్ల కాళ్లు వాచాయి. మెట్టెలు వేళ్లలోకి దిగిపోయి కనిపించడం మానేశాయి. తల పగిలిపోతోందనేది. తిన్నది కక్కుకునేది. కళ్లు మసకలంటూ కొంగుతో తుడుచుకునేది.

మా ఇళ్లలో వీటన్నిటికీ పేర్లు ముందే ఉన్నాయి. కాళ్లు వాచాయా, చాట ముందు కూర్చుని కూర్చుని నీరు దిగింది. తలనొప్పీ వాంతీనా, తంబాకు ఎక్కింది. కళ్లు మసకా, ఆకు కోసీ కోసీ చూపు అలిసింది. కడుపుతో ఉన్నా లేకపోయినా, బీడీలు చుట్టే ప్రతి ఆడదానికీ ఉండే బాధలే ఇవి. అందుకే ప్రాణం తీసే రోగం మా గడప దాటి లోపలికి వచ్చి, మా పక్కనే గోడకు జారగిలబడి కూర్చున్నా మేం గుర్తుపట్టలేదు. అందరిలాగే నేనూ గుర్తుపట్టలేదు. తల నొక్కి, నిమ్మకాయ వాసన చూపించి, ‘లెవ్వే, ఇంకో కట్ట అయితది’ అన్నది నేనే.

ఒకరోజు పొద్దున్నే, ఇంకా ఎండ వాకిట్లోకి రాకముందే, మరదలు నా వైపు చూసి నవ్వింది.

"వదినె, రెండు ఫర్మాలెందుకు పెట్టినవే నా ముంగట?"

"ఒక్కటే ఉన్నది గద."

"చల్, మజాక్ చెయ్యకు" అని, తన ఎడమ పక్కన ఏమీ లేని చోటికి చెయ్యి చాపి, ఏమీ లేనిదాన్ని పట్టుకోబోయింది. వేళ్లు నేలకు తగిలాయి. మళ్లీ చాపింది. మళ్లీ నేలే. అప్పటికీ నవ్వుతూనే ఉంది.

నేను లేని వస్తువుల గురించి చాలా చెప్పాను కానీ, లేని వస్తువును పట్టుకోవడానికి చెయ్యి చాపిన మనిషిని అంతకుముందు చూడలేదు.

"అమ్మా, దీనికి ఒక్కటి రెండు కనబడుతున్నది. పెద్ద దవాఖానకు తీస్కపోదాం."

అమ్మ చేతిలో బీడీ ఆగలేదు. "నీకు బస్సు నిద్రపొయ్యింది గూడ కనబడ్డది."

"గప్పాలు గాదమ్మా. నిజం చెప్తున్న."

"నువ్వు గప్పాలు కొట్టేటప్పుడు గూడ గట్లనే అంటవు. తంబాకు ఎక్కిందే దానికి. జరసేపు పండనియ్యి, దిగుతది. నేను మిమ్ముల ఇద్దర్ని కన్న. రెండుసార్లు గూడ నా కాళ్లు ఏనుగు కాళ్లే అయినయి. నన్ను ఎవ్వడు దవాఖానకు మోసిండు?"

"అత్తమ్మ చెప్పింది బరోబర్ వదినె. గింతదానికి దవాఖాన ఎందుకు" అంది మరదలు. అంటూనే రెండు చేతులతో కడుపు పైభాగం, పక్కటెముకలు కలిసే చోట, నొక్కి పట్టుకుంది.

ఇన్నేళ్లూ నేను చెప్పిన కథలన్నీ ఆ పూట ఒకేసారి తిరిగొచ్చి నా మీద కూర్చున్నాయి. నిజం చెప్పి చెప్పి నోరు ఎండిపోయింది తప్ప అమ్మ కదల్లేదు. సరే, నిజం పనికి రాకపోతే నా దగ్గర రెండో సరుకు ఉంది కదా అనుకున్నాను. చెప్పులేసుకుని కంపెనీ ఉన్న సందు చివరిదాకా వెళ్లి, అక్కడ కాసేపు ఊరికే నిలబడి, ఆయాసం వచ్చేలా పరుగెత్తుకుంటూ ఇంటికి తిరిగి వచ్చాను.

"అమ్మా, కంపెనీల నోటీసు పెట్టిన్రు. కడుపుతోటి ఉన్నోళ్లు పెద్ద దవాఖానల చూపించుకోని చిట్టీ తేవాల్నట. చిట్టీ లేకుంటే కార్డు రద్దు. ఇయ్యాల్నే ఆఖరట."

అమ్మ చెయ్యి ఆగింది. ఆ ఇంట్లో పుట్టినప్పటి నుంచి నేనెరిగిన అమ్మకు దేవుడంటే భక్తి ఉంది, భయం మాత్రం కార్డంటేనే. బీడీ కార్డు ఉన్న ఆడదానికి ఆకు వస్తుంది, తంబాకు వస్తుంది, నలుగురిలో పేరు వస్తుంది. కార్డు పోతే ఆమె ఊరికే ఇంట్లో కూర్చున్న ఆడది.

"ఎవరు చెప్పిన్రు?"

"చెకరే చెప్పిండు. మీసాలు మల్లా పెంచుతుండు, సగం వచ్చినయి."

గప్పాలు కొట్టేవాళ్లకు తెలిసిన సంగతి ఒకటి చెబుతాను. పనికిరాని చిన్న ముచ్చట ఒకటి పక్కన నిలబెడితే పెద్ద అబద్ధం దాని చెయ్యి పట్టుకుని దర్జాగా నడిచి వస్తుంది. అమ్మ సగం పెరిగిన మీసాలను నమ్మింది. చాట పక్కన పెట్టి లేచి, తనే వెళ్లి ఆటోను పిలుచుకొచ్చింది. ఇదే ఆ ఒక్క అబద్ధం. ఆడినందుకు అప్పుడూ సిగ్గుపడలేదు, ఇప్పుడూ పడను.

కొంతం చౌక్ దగ్గర ఆటో ఆగింది. ముందు చద్దర్ల మూటలు నింపిన తోపుడు బండి అడ్డం తిరిగింది, వెనక నుంచి హారన్లు. మరదలు నా భుజం మీద తల పెట్టుకుని ఉంది. ఉన్నట్టుండి ఆ తల బరువెక్కింది. చూస్తే కళ్లు పైకి తిరిగాయి, దవడ బిగిసింది, ఒళ్లంతా కొయ్యలా అయి, ఆ తర్వాత కొట్టుకోవడం మొదలైంది. ఆటో మొత్తం ఊగింది. అమ్మ నడుముకున్న తాళంచెవుల గుత్తి లాగి ఆమె చేతిలో పెట్టబోయింది. ఆటోవాడు తన చెప్పు తీసి వాసన చూపించమన్నాడు. నేను ఆమెను పక్కకు తిప్పి నా ఒళ్లో అదిమి పట్టుకున్నాను. తెలిసి చేసింది కాదు, ఆ ఇరుకు సీట్లో ఇంకోలా పట్టుకునే వీలు లేక చేసింది. పక్కకు తిప్పడమే మంచిదైందని తర్వాత డాక్టరమ్మ అంటే, తెలిసే చేశానని ఆమెతో అన్నాను. సరే, దాంతో అబద్ధాలు రెండయ్యాయి.

కొట్టుకోవడం ఆగాక నురుగులో నెత్తురు కలిసి నా చీర మీద పడింది. మనిషి గురక పెడుతోంది కానీ పిలిస్తే పలకలేదు. అమ్మ తాళంచెవులు కింద పడేసి కోడలి పాదాలు రెండూ తన ఒళ్లోకి లాక్కుంది.

"జల్ది పోనియ్యి నాయనా. ఎవని మీదికెళ్లయినా పోనియ్యి" అంది ఆటోవాడితో.

దవాఖానలో డాక్టరమ్మ నాకంటే చిన్నది, మరాఠీ పిల్ల. బీపీ చూసి సిస్టర్‌ను కేకేసింది. తలనొప్పి ఎన్నాళ్ల నుంచి అని అడిగింది. అమ్మ తంబాకు సంగతి చెప్పబోతే, డాక్టరమ్మ మరదలి కాలి ఎముక మీద బొటనవేలు పెట్టి నొక్కి, తీసింది. అక్కడ గుంట పడింది. వేలు తీసినా గుంట అలాగే ఉంది.

"కూర్చుంటే వచ్చే వాపు ఇట్లా ఉండదు అమ్మా" అంది మరాఠీలో. కడుపుతో ఉన్నవాళ్లలో కొందరికి బీపీ విపరీతంగా పెరిగి మెదడుకు ఎక్కుతుందనీ, ఆటోలో వచ్చిన ఝట్కాలు దానివల్లేననీ, బిడ్డను బయటికి తీస్తేనే తల్లి కుదుటపడటం మొదలవుతుందనీ చెప్పింది. "తీశాక కూడా మూడు రోజులు చెప్పలేం. మెదడు, మూత్రపిండాలు, ఊపిరి, మూడూ చూసుకోవాలి."

కబురంది తమ్ముడు సైకిలేసుకుని వచ్చి సంతకం పెట్టాడు. ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. పిడికెడంత ఉంది. మాకు సరిగ్గా చూపించకుండానే పై అంతస్తులో అద్దాల పెట్టెలోకి తీసుకెళ్లారు. బిడ్డ ఏడ్చిందా అని అమ్మ అడిగింది. పిల్లి పిల్లలా ఏడ్చిందని ఆయా చెప్పింది.

మరదల్ని పడుకోబెట్టిన గదిని దవాఖానలో అందరూ ఝట్కాల గది అనేవాళ్లు. కిటికీకి నల్లగుడ్డ కట్టారు. మూలన చిన్న లైటు, దానికీ కాగితం చుట్టారు. వెలుతురు పడినా, చప్పుడు అయినా, అనవసరంగా తాకినా మళ్లీ ఝట్కా రావచ్చు. అందుకని చెప్పులు బయట, గాజులు తీసి కొంగున కట్టుకోవాలి, మాటలు లేవు. మనిషి పక్కన ఒక్కరే ఉండాలి.

"నువ్వు ఆమెకు ఏమవుతావు?" అని సిస్టర్ అడిగింది. నడివయసు మనిషి, కళ్లద్దాల మీద నుంచి చూస్తుంది.

"ఆడబిడ్డను."

"నణంద్‌వా?" అని మరాఠీలో ఆశ్చర్యపోయింది. "నా ముప్పై ఏళ్ల నౌకరీలో ఆడబిడ్డ కాపలా ఉన్న పేషెంట్ బతికి బట్టకట్టడం చూడలేదు."

"ఇప్పుడు చూస్తావు సిస్టర్" అన్నాను నేనూ మరాఠీలోనే.

ఆమె నాకో కాగితం, పెన్సిల్ ఇచ్చింది. గోడ గడియారం చూపించింది. పావుగంటకోసారి, ఒక నిమిషంలో ఎన్నిసార్లు రొమ్ము పైకి లేస్తుందో లెక్కపెట్టి రాయాలి. గంటకోసారి మంచం కింద సీసాలోకి మూత్రం ఎంత దిగిందో గీత చూసి రాయాలి. తను కూడా వచ్చి చూస్తుంది కానీ, పక్క వార్డులో కానుపులు తన కోసం ఆగవు.

"ఎంతుంటే అంత రాయాలి. ఇంట్లో చెప్పినట్టు ఇక్కడ చెప్పకూడదు" అంది. నా సంగతి ఆమెకు ఎవరు చెప్పారో ఇప్పటికీ తెలీదు. అమ్మే అయి ఉంటుంది.

ఝట్కాలు రాకుండా నాలుగు గంటలకోసారి పిరుదుకు సూది ఇచ్చేవారు. ఆ మందు మంచిదీ, చెడ్డదీ కూడా. ఒంట్లో ఎక్కువగా నిలిచిపోతే ఝట్కాలతో పాటు ఊపిరీ ఆగిపోతుంది. అది మూత్రంలో బయటికి పోతుండాలి. అందుకే ప్రతి సూదికి ముందు సిస్టర్ వచ్చి నా కాగితం చూసేది, చిన్న సుత్తితో మోకాలి కింద కొట్టేది. కాలు ఎగిరితేనే సూది.

మర్నాడు పొద్దుటి సూది వేళ దగ్గర పడింది. సీసాలో గీత కదల్లేదు. శ్వాస పదహారు ఉండేది పద్నాలుగు అయింది, తర్వాత పన్నెండు. మళ్లీ లెక్కపెట్టాను. పన్నెండే. నాకు కొంతం చౌక్‌లో ఆ ఊగిన ఆటో గుర్తుకొచ్చింది. పన్నెండు రాస్తే సూది ఇవ్వరు. సూది ఇవ్వకపోతే ఝట్కా మళ్లీ వస్తుంది. పదహారని రాస్తే పోయేదేముంది, నేను బస్సును నిద్రపుచ్చిన దాన్ని. పెన్సిల్ ఒకటి అంకె వేసి ఆగింది. మనిషి ముఖం వైపు చూశాను. పెదాలు పొడిబారి, ముక్కుపుడకలో మెరిసే రాయి ఒక్కటే బతికున్నట్టు ఉంది.

పక్కన రెండు వేశాను. పన్నెండు.

సిస్టర్ కాగితం చూసి సుత్తి తీసింది. కొట్టింది. కాలు ఎగరలేదు. రెండో మోకాలు. ఎగరలేదు. సూది నింపుకొచ్చిన ట్రేను అవతల పెట్టేసి, గబగబా వెళ్లి డాక్టరమ్మను తీసుకొచ్చింది. వేరే మందు చేతి నరంలోకి మెల్లగా ఎక్కించారు. ఇద్దరూ కదలకుండా నిలబడి చూశారు. నేను లెక్కపెట్టాను. పదమూడు. పద్నాలుగు. గంట గడిచాక సీసాలో గీత మీదికి కొద్దిగా పసుపు పాకింది.

"లెక్క బరోబర్ ఉంది" అంది సిస్టర్ నా చెవి దగ్గర. నా జీవితంలో నా మాటకు ఎవరైనా అలా అనడం అదే మొదటిసారి. నేను సీసా వైపు చూస్తూ కూర్చున్నాను.

అసలు పోట్లాట ఆ మధ్యాహ్నం జరిగింది.

మా చిన్నాయిన, అంటే పోయిన మా నాన్నకు తమ్ముడు, మా ఇంటికి పెద్ద. నలభై ఏళ్లు మగ్గాల చప్పుడులో బతికిన మనిషి. చెవులు ఎప్పుడో పోయాయి. తన మాట తనకు వినిపించేంత గట్టిగా మాట్లాడతాడు, అంటే వీధి చివర షోడా బండి వాడికి వినిపించేంత. ఆయన అమ్మనూ తమ్ముణ్ణీ వెంటబెట్టుకుని వచ్చాడు. మనిషి రెండో రోజు కూడా కన్ను తెరవలేదని తెలిసి, ఇంటికి తీసుకుపోదామని నిర్ణయించుకుని వచ్చాడు. పురిటాలు దవాఖానలో పోతే కోస్తారనీ, కోసిన మనిషిని వాకిట్లో దించనివ్వరనీ, పోయేదేదో ఇంట్లోనే పోనివ్వాలనీ ఆయన పట్టు. మా వాళ్లలో అలా తీసుకెళ్లిన వాళ్లు నాకు తెలుసు. వాళ్లలో ఒక్కరూ తిరిగి బీడీ చుట్టలేదు.

గది గుమ్మంలో నిలబడి ఆయన నోరు తెరిచాడు.

"ఏందే ఎట్లున్నది" అన్నాడు.

మంచం మీద మరదలి వేళ్లు టక్కున బిగిశాయి. కనురెప్పలు అదిరాయి. సిస్టర్ ఎక్కడి నుంచి వచ్చిందో, ఎగిరొచ్చినట్టు వచ్చి చిన్నాయిన నోటి మీద అరచెయ్యి పెట్టింది.

"గప్ బస్" అంది. అంత పెద్దమనిషిని నోరుమూసుకోమనడం మా ఇంటి చరిత్రలో లేదు. మేం ముగ్గురం మరదలి వేళ్లనే చూశాం. మెల్లగా వదులయ్యాయి.

గుసగుసగా మాట్లాడటం చిన్నాయినకు చేతకాదు. మాట్లాడకుండా వెళ్లిపోవడం ఇష్టం లేదు. అప్పుడాయన చేతులెత్తాడు.

కార్ఖానాలో నలభై మగ్గాలు ఒక్కసారి నడుస్తుంటే దేవుడు వచ్చి పిలిచినా వినిపించదు. అందుకని నేసేవాళ్లు చేతులతో మాట్లాడుకుంటారు. రెండు వేళ్లు కలిపి విడదీస్తే పోగు తెగిందని. బొటనవేలూ చూపుడువేలూ నులిమితే ముడి వెయ్యమని. అరచెయ్యి అడ్డంగా నరికినట్టు ఊపితే గుడ్డ కోసి దించెయ్యమని. చూపుడువేలును, మగ్గంలో పోగును మోసే నాడెలా, ఇటూ అటూ ఆడిస్తే మగ్గం నడుస్తోందని. తమ్ముడికి అన్నం డబ్బా తీసుకెళ్లీ తీసుకెళ్లీ నాకూ ఆ భాష వచ్చేసింది. నోటితో కొట్టే గప్పాలు అక్కడ చేతులతో కొట్టేదాన్ని.

చిన్నాయిన రెండు వేళ్లు విడదీసి మంచం వైపు చూపించాడు. పోగు తెగింది. అరచెయ్యి అడ్డంగా ఊపాడు. కోసి దించెయ్యి.

నేను గుమ్మానికి అడ్డంగా కూర్చుని, వేళ్లు నులిమాను. ముడి వేస్తున్నారు.

ఆయన రెండు చేతులూ వెడల్పుగా చాపి కిందికి వదిలేశాడు. పడుగంతా పోయింది, ముడి వేసేందుకు నిలువు పోగులే లేవు.

పోలేదు అని తల ఊపి, నా రొమ్ము మీద చెయ్యి పెట్టి పైకీ కిందికీ ఆడించి, పదీ నాలుగూ వేళ్లు చూపించాను. ఆయనకు అర్థం కాలేదు. కార్ఖానాలో వేళ్లు చూపితే అది మీటర్ల లెక్క. పద్నాలుగు మీటర్లు ఏంది అన్నట్టు మొహం పెట్టాడు. ఇంకో సమయంలో అయితే నవ్వేదాన్ని.

అమ్మ నా పక్కన కూలబడి చెవిలో అంది, "కంపెనీకి పొయ్యొచ్చిన. నోటీసు లేదటనే."

"లేదు."

"అబద్ధమా?"

"అబద్ధమే."

"కన్నతల్లితోటి?"

"కన్నతల్లితోటే. నిజం చెప్తే విన్నవా? ఆటోల వచ్చిన ఝట్కా చాట ముందల వస్తే ఏం చేస్తుంటివి? నిమ్మకాయ చూపిస్తుంటివి."

అమ్మ దగ్గర ఎప్పుడూ జవాబులు ఉంటాయి. కానీ గుసగుసలో తిట్టడం ఆమెకూ చేతకాలేదు.

మిగిలింది తమ్ముడు. సొంత బాధ్యత మీద తీసుకుపోతున్నామని రాసిన కాగితం చిన్నాయిన అతని చేతిలో పెట్టాడు. భర్త సంతకం పెడితే చాలు, మంచం ఖాళీ. తమ్ముడు నిన్నటి నుంచి ఏమీ తినలేదు. దూది పోగులు ఇంకా జుట్టులోనే ఉన్నాయి. పెన్ను మూత తీశాడు.

నేను లేవలేదు. గుమ్మం నిండా కాళ్లు చాపి కూర్చుని అతని వైపు చూశాను. మంచం చూపించాను. చూపుడువేలు ఎత్తి ఇటూ అటూ ఆడించాను. ఇటూ అటూ, ఇటూ అటూ, మరదలి శ్వాసతో పాటు, దాని కంటే వేగంగా కాదు, మెల్లగా కాదు. మగ్గం నడుస్తోంది తమ్మీ. నడుస్తున్న మగ్గం మీద కత్తెర పెట్టేవాణ్ణి నువ్వెప్పుడైనా చూశావా?

అతను చాలాసేపు నా వేలినే చూశాడు. తర్వాత చెప్పులు విడిచి, నా కాళ్లు దాటి లోపలికి వచ్చాడు. అలా రాకూడదు, ఒక్కరే ఉండాలి. సిస్టర్ గోడ వైపు తిరిగి మందుల సీసాలు సర్దడం మొదలుపెట్టింది. తమ్ముడు తన చెయ్యి భార్య ముక్కు ముందు ఆనీ ఆననట్టు పెట్టాడు. అలాగే నిలబడ్డాడు. బయటికి వచ్చి చిన్నాయిన ముందు నిలబడి, చూపుడువేలు ఎత్తి ఇటూ అటూ ఆడించాడు. పెన్నుకు మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. కాగితం నాకిచ్చాడు. వెనక ఖాళీగా ఉంది కదా అని దాని మీద శ్వాస లెక్కలు రాసుకున్నాను.

చిన్నాయిన వెళ్లిపోయాడు. దవాఖాన గేటు దాటాక మాత్రం ఆయన నన్ను తిట్టిన తిట్లు మేడ మీది అద్దాల పెట్టెల దాకా వినిపించాయని ఆయా చెప్పింది. ఇవి గప్పాలు కావు. కావాలంటే ఆ రోజు ఆ వీధిలో ఉన్న ఎవరినైనా అడగండి.

అమ్మ వెళ్లలేదు. గుమ్మం అవతల నేల మీద కొంగు పరుచుకుని కూర్చుంది. ఇడ్లీ తెప్పించి, నా వైపు చూడకుండానే నా ముందుకు తోసింది.

మూడో రోజు మధ్యాహ్నం, నేను సీసాలో గీత చూడటానికి వంగినప్పుడు పైనుంచి గొంతు వినిపించింది.

"వదినె, దీపమెందుకు తీసిన్రు?"

లేచేసరికి నా తల మంచం పట్టీకి కొట్టుకుంది. చప్పుడైంది. ఝట్కా రాలేదు. మరదలు నా వైపే చూస్తోంది, ఒక్క నన్నే, ఇద్దర్ని కాదు.

"దవాఖానల ఉన్నవే. మూడు రోజులైంది."

"మూడు రోజులా? పొద్దుగాల ఆకు తడిపి పెట్టిన గద నేను."

ఆ పిల్లకు ఆటో ఎక్కింది గుర్తు లేదు, చౌక్ గుర్తు లేదు, ఆపరేషన్ లేదు. మూడు రోజులు ఎవరో కత్తెరతో కోసి తీసేసినట్టు పోయాయి.

"నీకు బిడ్డ పుట్టిందే. ఆడపిల్ల."

"గప్పాలు కొట్టకు వదినె" అంది విసుగ్గా. తల నొప్పిగా ఉన్నప్పుడు నా కథలు ఆమెకు నచ్చవు. అంటూనే చెయ్యి మెల్లగా కడుపు మీదికి తెచ్చుకుంది. అక్కడ చెయ్యి ఆగిపోయింది. ముఖం తెల్లబోయింది. "ఏడ పెట్టిన్రే నా కడుపు?"

నేను ఒట్టు పెట్టాను. దేవుడి మీద పెట్టాను, నాన్న మీద పెట్టాను. నా ఒట్టుకు విలువేముంది. ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, బీపీ ఎక్కుతుందేమోనని నా ప్రాణం పోతోంది. అప్పుడు గుమ్మంలో నుంచి అమ్మ అంది, "అది చెప్పేది నిజమేనే బిడ్డా. నేను చూసిన." అమ్మ బిడ్డను సరిగ్గా చూడలేదు. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు.

మరదలు నమ్మనని మొండికేసింది. చూపిస్తేనే నమ్ముతానంది. పిల్లను పెట్టెలోంచి తీయకూడదని సిస్టర్ అంది. తల్లికి బీపీ పెరిగితే ఎవరిది జవాబని నేనన్నాను. డాక్టరమ్మను అడిగి వస్తానని వెళ్లిన సిస్టర్, దూదిలో చుట్టిన మూటతో దిగొచ్చింది. రెండే నిమిషాలు అంది.

మరదలు ఆ మూటలోకి చూసింది.

"ఇంత సన్నగ చుట్టిన్రేందే" అంది.

సిస్టర్‌కు తెలుగు రాదు, నేను నవ్వు ఆపుకోలేకపోతుంటే కళ్లద్దాల మీద నుంచి చూసింది. అమ్మ మాత్రం నవ్వలేదు. లోపలికి తొంగి చూసి, మూడు రోజులుగా నోట్లో దాచుకున్న మాట మెల్లగా బయట పెట్టింది.

"ఏడో నెలల పుట్టినోళ్లు బతుకుతరు బిడ్డా. ఎనిమిదో నెలలోళ్లు నిలువరంటరు. మనసు మరీ పెట్టుకోకు."

మా వాళ్లలో పెద్దలందరూ అనే మాటే అది. అమ్మ మీద పడి ఏదో అనబోయాను. అంతలో మరదలు, తల దిండు మీది నుంచి లేపలేని మనిషి, చూపు బిడ్డ మీది నుంచి తిప్పకుండానే అంది.

"ఎనిమిదో నెలల నేను నిలువలేదా అత్తమ్మా? నాతోటే ఉండె గద అది. నిలుస్తది."

గొంతు ఎత్తినా ఎవరూ వద్దనని సమయం అది, అయినా అమ్మ మూట అంచు సర్ది బిడ్డ కాళ్లు కప్పింది, అంతే. సిస్టర్ బిడ్డను తీసుకుని మెట్లెక్కింది. ఆ పావుగంట శ్వాస లెక్క రాయడం నేను మరిచిపోయాను. తిరిగొచ్చి ఖాళీగా ఉన్న గడి చూసి ఆమె నన్ను తిట్టింది, ఆ గదిలో మొదటిసారి పూర్తి గొంతుతో.